పుప్పొడి వంధ్యత్వం, పంట దిగుబడి: సంకర విత్తన చరిత్రలో తల్లి కణద్రవ్యం

గింజ కోసం పండించే ఏ పైరులోనైనా దిగుబడి ఒక సూక్ష్మమైన సంఘటనపై ఆధారపడి ఉంటుంది. పుప్పొడి రేణువు కీలాగ్రంపై పడి మొలకెత్తాలి, దాని నాళం అండాన్ని చేరాలి. చేరిన చోట గింజ కడుతుంది, చేరని చోట తాలు మిగులుతుంది. ఈ విషయంలో ప్రకృతి పొదుపు పాటించలేదు. ఒక్క మొక్కజొన్న జల్లు విడిచే పుప్పొడి రేణువులు లక్షలలో ఉంటాయి. అదే మొక్క మోసే కంకిలోని గింజలు కొన్ని వందలే. ఇంతటి మిగులు ఉన్నందువల్ల పుప్పొడి పండకపోవడాన్ని వృక్షశాస్త్రజ్ఞులు చాలాకాలం ఒక వింతగానో, ఒక లోపంగానో చూసి వదిలివేశారు. ఇరవయ్యో శతాబ్దంలో ఆ లోపమే పనిముట్టుగా మారింది. జొన్న, సజ్జ, వరి, కంది పంటలలో సంకర విత్తన వ్యవస్థ ప్రధానంగా పుప్పొడి పండని తల్లి మొక్కపైనే నిలిచింది.

ఈ వ్యవస్థకు పుట్టుకతోనే ఒక వైరుధ్యం ఉంది. విత్తన క్షేత్రంలోని ఆడ వరుసలలో పుప్పొడి పూర్తిగా విఫలం కావాలి. ఆ వరుసలలో పండిన విత్తనాన్ని కొని నాటిన రైతు పొలంలో పుప్పొడి పూర్తిగా సఫలం కావాలి. ఒక తరంలో వంధ్యత్వం, మరు తరంలో ఫలసామర్థ్యం అన్నమాట. ఈ రెండు షరతులను ఒకే వంశంలో ఇమడ్చడానికి సాగిన ప్రయత్నాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ క్రమంలో శ్రమ ఎవరి చేతుల నుంచి ఎవరి చేతులకు మారింది, ప్రమాదం ఎవరి పొలానికి చేరింది అన్న ప్రశ్న కూడా ఈ చరిత్రలో భాగమే.

వింత నుంచి సూత్రానికి

మొక్కలలో స్త్రీ పురుష భేదాన్ని ప్రయోగపూర్వకంగా నిరూపించిన తొలి రచన ట్యూబింగెన్‌కు చెందిన కమెరారియస్ 1694లో ప్రకటించినది. ఆయన ఎన్నుకున్న మొక్కలలో మన ఆముదం ఒకటి. మగ పూలను విచ్చుకోకముందే తుంచివేస్తే ఆముదపు గెలలో మొలకెత్తగల గింజ కట్టలేదు. ఆ తరువాత డెబ్బై ఏళ్లకు కోల్‌రాయటర్ రెండు పొగాకు జాతులను సంకరపరచి, పుట్టిన మొక్కలు ఏపుగా ఎదిగినా వాటి పుప్పొడి పనికిరానిదని గమనించాడు. ఏపు, వంధ్యత్వం రెండూ ఒకే మొక్కలో కనిపించిన ఈ తొలి ఉదాహరణ తరువాతి కథ మొత్తానికి ముందుమాట వంటిదని చెప్పవచ్చు.

డార్విన్ 1877లో వెలువరించిన పుష్పరూపాల గ్రంథంలోని ఒక పరిశీలన దిగుబడి చర్చకు మరింత దగ్గరగా వస్తుంది. థైమ్ వంటి కొన్ని జాతులలో ద్విలింగ పుష్పాల మొక్కలు, కేవలం ఆడ పుష్పాల మొక్కలు కలిసి పెరుగుతాయి. పుప్పొడి చేయని ఆడ మొక్కలే ఎక్కువ విత్తనం ఇస్తున్నాయని ఆయన గుర్తించాడు. కారణాన్ని వివరించే సాధనం అప్పటికి లేదు. మెండెల్ సూత్రాలు 1900లో మళ్లీ వెలుగులోకి వచ్చిన తరువాత కూడా ఈ వంధ్యత్వం ఆ లెక్కలకు లొంగలేదు. ఎన్ని తరాలు తండ్రిని మార్చినా, తల్లి వంధ్య అయితే సంతానం వంధ్యమే అవుతున్న ఉదాహరణలు కనిపించాయి. కారెన్స్ ఈ మాతృ వారసత్వాన్ని గమనించినవారిలో ఒకడు. బేట్సన్, గైర్డ్‌నర్ 1921లో అవిసెలో పురుష వంధ్యత్వాన్ని వర్ణించారు. అవిసె వంధ్యత్వం కణద్రవ్యానికీ కేంద్రకానికీ మధ్య పొత్తు కుదరకపోవడం వల్ల కలుగుతుందన్న వివరణ ఆ దశాబ్దంలోనే వచ్చింది.

నిర్ణాయకమైన ప్రయోగం మొక్కజొన్నపై జరిగింది. మార్కస్ రోడ్స్ 1931, 1933 సంవత్సరాలలో ప్రకటించిన పరిశోధనలో వంధ్య మొక్కలోని పది క్రోమోజోములను ఒక్కొక్కటిగా ఫలసామర్థ్యం గల వంశపు క్రోమోజోములతో మార్చి చూశాడు. ఏది మార్చినా వంధ్యత్వం పోలేదు. అందుచేత దాని మూలం కేంద్రకంలో లేదు, తల్లి అండంతో పాటు వచ్చే కణద్రవ్యంలో ఉంది. మైటోకాండ్రియాకు సొంత జన్యు పదార్థం ఉందని తెలియడానికి మూడు దశాబ్దాల ముందు తేలిన ఫలితం ఇది.

ఇక్కడ ఒక పరిణామ తర్కం కూడా ఉంది. మైటోకాండ్రియా సాధారణంగా తల్లి ద్వారా మాత్రమే తరువాతి తరానికి చేరుతుంది. దాని దృష్టిలో పుప్పొడి ముందుకు దారిలేని వీధి. మొక్క తన ఆహారాన్ని పుప్పొడికి వెచ్చించడం మాని విత్తనానికి వెచ్చిస్తే మైటోకాండ్రియాకు లాభం, కేంద్రకానికి నష్టం. కనుక మైటోకాండ్రియాలో పుప్పొడిని చెడగొట్టే జన్యువు పుడితే, దానికి విరుగుడుగా కేంద్రకంలో పునరుద్ధారక జన్యువు పుడుతుంది. సంకర విత్తన పరిశ్రమ ఈ ప్రాచీన సంఘర్షణను కొత్తగా కల్పించలేదు. ఉన్నదాన్ని విడదీసి, ఒక భాగాన్ని తల్లి వంశంలోను, రెండవ భాగాన్ని తండ్రి వంశంలోను ఉంచింది.

ఉల్లిలో ఒక్క మొక్క

కాలిఫోర్నియాలోని డేవిస్‌లో హెన్రీ జోన్స్ 1925లో ఇటాలియన్ రెడ్ అనే ఉల్లి రకంలో పుప్పొడి లేని ఒక్క మొక్కను కనుగొన్నాడు. స్వయంగా విత్తనం కట్టలేని మొక్క మామూలుగా అక్కడితో అంతరించవలసింది. అయితే దాని పూగుత్తిలో పూల మధ్య చిన్న చిన్న లఘులశునాలు ఏర్పడ్డాయి. వాటిని నాటి ఆ మొక్కను కొన్నేళ్లపాటు నిలబెట్టారు. జోన్స్, ఆల్ఫ్రెడ్ క్లార్క్ కలిసి 1943లో దాని వారసత్వ సూత్రాన్ని ప్రకటించారు. వంధ్య కణద్రవ్యం ఉండి, కేంద్రకంలో పునరుద్ధారక జన్యువు లేకపోతేనే పుప్పొడి చెడుతుంది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి మారినా పుప్పొడి పండుతుంది.

మూడు వంశాల పద్ధతి ఈ సూత్రం నుంచే ఏర్పడింది. పుప్పొడి పండని తల్లి వంశం ఒకటి. అదే కేంద్రకంతో, మామూలు కణద్రవ్యంతో ఉండి తల్లి వంశాన్ని ఏటా నిలబెట్టే నిర్వాహక వంశం రెండవది. సంకరానికి తండ్రిగా నిలిచి, సంతానంలో పుప్పొడిని తిరిగి పండించే పునరుద్ధారక వంశం మూడవది. విత్తన క్షేత్రాలలో వీటిని ఎ-లైను, బి-లైను, ఆర్-లైను అంటారు. కూలీల నోట ఆడ వరుసలు, మగ వరుసలు అన్న మాటలే వినిపిస్తాయి.

ఉల్లికి మూడవ వంశంతో నిజానికి పని లేదు. రైతుకు కావలసింది గడ్డ గాని గింజ కాదు. సంకర ఉల్లి పొలంలో పుప్పొడి పండినా పండకపోయినా గడ్డ ఊరుతుంది. ఈ సూత్రం ఉల్లి నుంచి ధాన్యపు పైరులకు వచ్చేసరికి లెక్క మారింది. గింజే పంట అయిన చోట పుప్పొడి పునరుద్ధరణ ఏ మేరకు లోపిస్తే ఆ మేరకు రైతు గాదె వెలితి అవుతుంది. పాఠ్యపుస్తకాలు పురుష వంధ్యత్వాన్ని అన్ని పంటలకూ ఒకే పటంతో వివరించడం వల్ల ఈ తేడా తరచుగా మరుగున పడుతున్నది.

మొక్కజొన్న: చేతి పని నుంచి టెక్సాస్ కణద్రవ్యానికి

మొక్కజొన్నలో మగ పూలు మొక్క కొసన జల్లుగాను, ఆడ పూలు నడుమ కంకిగాను విడివిడిగా ఉంటాయి. ఆడ వరుసలలోని జల్లును విచ్చుకోకముందే లాగివేస్తే సంకరం సులువుగా జరుగుతుంది. అమెరికాలో 1930ల నుంచి సంకర మొక్కజొన్న అంత వేగంగా వ్యాపించడానికి ఈ పుష్ప నిర్మాణం ఒక ముఖ్య కారణం. అయితే జల్లు లాగడం కొద్ది రోజులలో ముగించవలసిన పని. వేసవి సెలవులలో వేల సంఖ్యలో బడిపిల్లలను, యువకులను పొలాలకు తరలించేవారు. ఆ కూలి ఖర్చు విత్తన సంస్థలకు భారమైంది.

టెక్సాస్‌లో గోల్డెన్ జూన్ అనే రకం నుంచి లభించిన వంధ్య కణద్రవ్యం ఆ భారాన్ని తొలగించింది. డోనల్డ్ జోన్స్, మాంగెల్స్‌డార్ఫ్ 1951లో జల్లు లాగకుండా సంకర విత్తనం పండించే పద్ధతిని వివరించారు. పునరుద్ధారక జన్యువుల వాడకంపై జోన్స్‌కు 1956లో పేటెంటు లభించింది. ప్రభుత్వ పరిశోధనా కేంద్రంలో పుట్టిన విద్యకు హక్కుదారు ఉండవచ్చునా అన్న వాదం అప్పుడే మొదలైంది. 1970 నాటికి అమెరికాలో నాటిన సంకర మొక్కజొన్న విత్తనంలో సుమారు 85 శాతం ఈ ఒక్క కణద్రవ్యాన్నే మోస్తున్నది. బయటికి ఎన్నో పేర్లు, ఎన్నో రకాలు, ఎన్నో సంస్థలు. లోపల మైటోకాండ్రియా వరకు చూస్తే అన్నీ ఒకే తల్లి బిడ్డలు.

ఆ ఏడాది దక్షిణ రాష్ట్రాలలో మొదలైన ఆకుమాడు తెగులు వేసవిలో ఉత్తరాన మొక్కజొన్న మండలానికి పాకింది. తెగులు కారక శిలీంధ్రం కొత్తది కాదు, దానిలోని టి-తెగ మాత్రం కొత్తది. అది విడుదల చేసే విషం టెక్సాస్ కణద్రవ్యం ఉన్న మొక్కలను ఏరి చంపినట్లు చంపింది. దేశవ్యాప్తంగా పంటలో దాదాపు 15 శాతం నష్టమైందని అంచనా. ముందస్తు హెచ్చరిక లేకపోలేదు. టెక్సాస్ కణద్రవ్యం ఉన్న వంశాలకు ఈ తెగులు ఎక్కువగా సోకుతున్నదని ఫిలిప్పీన్స్ పరిశోధకులు 1960ల ఆరంభంలోనే ప్రకటించారు. ఉష్ణమండలపు ప్రత్యేక పరిస్థితిగా భావించి దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1972లో అమెరికా జాతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ ప్రధాన పంటల జన్యుపరమైన బలహీనతపై వెలువరించిన నివేదికకు ఈ నష్టమే ప్రేరణ.

కారణం అణుస్థాయిలో తేలడానికి మరి పదహారేళ్లు పట్టింది. డ్యూయీ, లెవింగ్స్, టిమొథీ 1986లో టెక్సాస్ కణద్రవ్యపు మైటోకాండ్రియాలో ఒక విచిత్రమైన జన్యువును గుర్తించారు. వేరే జన్యువుల తునకలు కలగాపులగంగా అతుక్కొని ఏర్పడిన ఈ జన్యువు 13 కిలోడాల్టన్ల ప్రోటీనును తయారు చేస్తుంది. ఆ ప్రోటీను మైటోకాండ్రియా లోపలి పొరలో ఉంటుంది. పరాగకోశంలో పుప్పొడికి ఆహారం అందించే కణపొర, అంటే టపీటం, త్వరగా శిథిలం కావడానికి అదే కారణం. శిలీంధ్ర విషం తగిలినప్పుడు పొరలో రంధ్రాలు పడేటట్లు చేసేది కూడా అదే. ఆ జన్యువును బాక్టీరియాలో ప్రవేశపెడితే బాక్టీరియా సైతం ఆ విషానికి లోనైంది. అంటే వంధ్యత్వం, తెగులుకు లొంగే గుణం రెండు వేరు లక్షణాలు పక్కపక్కన ప్రయాణించినవి కావు. ఒకే ప్రోటీనుకు అవి రెండు ముఖాలు.

ఈ సందర్భంలో అంతగా చర్చకు రాని అంశం ఒకటుంది. 1970లో తెగులు సోకిన రైతు పొలాలలో పుప్పొడి పండిన సంకరాలు కూడా ఉన్నాయి. తండ్రి తెచ్చిన పునరుద్ధారక జన్యువు ఆ ప్రోటీను పరిమాణాన్ని తగ్గించి పుప్పొడిని నిలబెట్టింది; ఆకులోని బలహీనతను తీసివేయలేకపోయింది. కంకి నిండా గింజ కట్టినా మొక్క మాత్రం నిరాయుధంగానే ఉంది. విత్తన సంస్థలు మళ్లీ జల్లు లాగే పద్ధతికి మరలాయి. పశ్చిమ గోదావరి విత్తన మొక్కజొన్న పొలాలలోనూ ఆడ వరుసల జల్లును చేతితో లాగివేస్తూనే ఉన్నారు.

జొన్న, సజ్జ: భారతీయ అనుభవం

జొన్న పువ్వు ద్విలింగి, అతి చిన్నది. ఒక కంకిలో వేల పూలు ఉంటాయి. చేతితో కేసరాలు తీసి ఎకరాలకు సరిపడే విత్తనం పండించడం అసాధ్యం. కనుక జొన్నకు కణద్రవ్య వంధ్యత్వం ఒక వెసులుబాటుగా రాలేదు, ఏకైక మార్గంగా వచ్చింది. స్టీఫెన్స్, హాలండ్ 1954లో మైలో జొన్న కణద్రవ్యంలో కాఫిర్ జొన్న కేంద్రకాన్ని చేర్చి వంధ్య మొక్కలను సాధించారు. మైలోలో పుప్పొడి పండుతుంది, కాఫిర్‌లోనూ పండుతుంది. తల్లి కణద్రవ్యం, పరాయి కేంద్రకం కలిసిన చోటే చెడుతుంది.

ఈ తల్లి వంశాలు భారతదేశానికి త్వరగానే చేరాయి. 1964లో విడుదలైన సి.ఎస్.హెచ్.-1 దేశంలో తొలి జొన్న సంకరం. కాఫిర్ 60 వంధ్య వంశం తల్లి, ఐ.ఎస్. 84 తండ్రి. మరుసటి ఏడు సజ్జలో హెచ్.బి.-1 వచ్చింది. జొన్న పరిశోధన రాజేంద్రనగర్ కేంద్రంగా స్థిరపడింది. దానికి చాలాకాలం నాయకత్వం వహించిన నీలంరాజు గంగాప్రసాదరావు, ఆయన సహచరులు అమెరికన్ వంశాలను ఉన్నవి ఉన్నట్లు వాడక, భారతీయ జొన్నలతో కలిపి కొత్త తల్లిదండ్రులను రూపొందించారు. 1970లలో సి.ఎస్.హెచ్.-5, 1980లలో సి.ఎస్.హెచ్.-9 ఆ కృషి ఫలితాలు. కేంద్రకం ఎంత మారినా మైలో కణద్రవ్యం మాత్రం మారలేదన్నది గమనించదగినది.

ఖరీఫ్‌లో ఈ సంకరాలు నిలదొక్కుకున్నాయి. రబీలో పరిస్థితి వేరు. పునరుద్ధారక జన్యువుల పనితీరు ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. పూత సమయంలో రాత్రి చలి ఎక్కువైతే సంకరాలలో పుప్పొడి పూర్తిగా పండదు, కంకి తాలుతుంది. వేసవి వెచ్చదనంలో పరీక్షించి నూరు శాతం పునరుద్ధరణ అని రాసుకున్న తండ్రి వంశం డిసెంబరు చలిలో మాట తప్పుతుంది. రబీలో ఎం. 35-1 అనే పాత సూటి రకం దశాబ్దాల తరబడి ప్రాబల్యం కోల్పోకపోవడానికి గింజ నాణ్యత, బెట్టను తట్టుకునే శక్తి వంటి కారణాలు ఉన్నాయి. వాటి సరసన పుప్పొడి విషయాన్ని కూడా చేర్చవలసి ఉంటుంది. విత్తన క్షేత్రాలలో మరొక చిక్కు ఉంది. పుప్పొడి సకాలంలో అందని అండాశయంలోకి తేనె బంక తెగులు శిలీంధ్రం ప్రవేశిస్తుంది. ఆడ వరుసలు, మగ వరుసలు ఒకేసారి పూతకు రాకపోతే ఖాళీగా ఎదురుచూసే ఆడ పువ్వే ఆ శిలీంధ్రానికి ద్వారం.

సజ్జ కథ చరిత్రకారునికి ఒక జాగ్రత్త చెబుతుంది. అమెరికాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ రూపొందించిన టిఫ్ట్ 23ఎ అనే తల్లి వంశంపై లూధియానాలో అథ్వాల్ హెచ్.బి.-1ను తయారు చేశారు. అదే తల్లిపై మరికొన్ని సంకరాలు వచ్చాయి, విస్తీర్ణం త్వరగా పెరిగింది. 1970ల తొలి భాగంలో వెర్రి కంకి తెగులు ఈ సంకరాలను ఊడ్చిపెట్టింది. గింజ ఉండవలసిన చోట ఆకుల కుచ్చులు మొలిచాయి. అప్పటికి మొక్కజొన్న ఉదంతం తాజాగా ఉంది. టెక్సాస్‌లో జరిగినదే ఇక్కడా జరిగిందని, నేరం కణద్రవ్యానిదేనని అనుకోవడం సహజమే. అయితే ఒకే కేంద్రకం, వేర్వేరు కణద్రవ్యాలు గల వంశాలను పక్కపక్కన పెంచి పోల్చినప్పుడు తెగులు తీవ్రతలో తేడా కనిపించలేదు. తెగులుకు లొంగినది కేంద్రకం. విస్తారమైన భూమిపై ఒకే తల్లి వంశం ఉండడం రెండు ఉదంతాలకూ ఉమ్మడి. జీవ కారణం మాత్రం వేరు. ఒకే నాటి రెండు విపత్తులను ఒకే వాక్యంలో చేర్చి రాయడం నేటికీ కొన్ని పుస్తకాలలో కనిపిస్తుంది. అది సరికాదు.

వరి: చిన్సురా, హైనాన్, కరీంనగర్

వరి స్వపరాగ సంపర్క పైరు. దాని పుప్పొడి రేణువు గాలిలో కొద్ది నిమిషాలకు మించి బతకదు. అటువంటి పంటలో సంకర విత్తనం ఊహకు అందనిదని చాలామంది భావించారు. జపాన్‌లో షింజ్యో 1960లలో బెంగాల్‌కు చెందిన చిన్సురా బోరో అనే వరి కణద్రవ్యంతో వంధ్య వంశాన్ని తయారు చేశాడు. చైనాలో యువాన్ లాంగ్‌పింగ్ 1964 నుంచి వెతుకుతూ ఉండగా, ఆయన బృందానికి 1970 నవంబరులో హైనాన్ ద్వీపంలో పుప్పొడి పండని ఒక అడవి వరి మొక్క దొరికింది. మూడు వంశాలు 1973 నాటికి సిద్ధమయ్యాయి. 1976 నుంచి సంకర వరి పెద్ద ఎత్తున సాగులోకి వచ్చింది.

ఈ రెండు కణద్రవ్యాల మధ్య ఉన్న భేదం పుప్పొడికీ దిగుబడికీ గల సంబంధాన్ని చక్కగా చూపుతుంది. హైనాన్ రకంలో పుప్పొడి గతిని తల్లి మొక్క జన్యువులు నిర్ణయిస్తాయి. సంకరంలో పునరుద్ధారక జన్యువు ఒక్క ప్రతి ఉన్నా పుప్పొడి అంతా పండుతుంది. చిన్సురా రకంలో ప్రతి రేణువు తన జన్యువును బట్టి తానే బతుకుతుంది లేదా చస్తుంది. కనుక సంకరంలో సగం రేణువులు పండవు. అయోడిన్ ద్రావణంలో వేసి చూస్తే సగం నల్లగా, సగం వెలవెలబోతూ కనిపిస్తాయి. అయినా గింజ దాదాపు పూర్తిగా కడుతుంది. సగం పోయినా చాలినంత మిగిలే ఉంటుంది కాబట్టి పుప్పొడి శాతమూ గింజ శాతమూ ఒకే గీతపై నడవవు. ఒక హద్దు వరకు పుప్పొడి తగ్గినా దిగుబడి కదలదు, ఆ హద్దు దాటగానే పడిపోతుంది. ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద చేసిన లెక్కను మాత్రమే చూసి పొలాన్ని అంచనా వేయరాదనడానికి ఇది మంచి ఉదాహరణ.

భారతదేశంలో సంకర వరి పరిశోధన 1989లో హైదరాబాదు వరి పరిశోధన సంచాలనాలయం కేంద్రంగా ఒక ఉద్యమ స్థాయిలో మొదలైంది. 1994లో విడుదలైన తొలి సంకరాలలో మార్టేరు కేంద్రం రూపొందించిన ఎ.పి.హెచ్.ఆర్.-1, ఎ.పి.హెచ్.ఆర్.-2 ఉన్నాయి. అవి తెలుగు ప్రాంతాల్లో నిలవలేదు. సంకర మొక్క మోసే గింజలు తరువాతి తరానివి కాబట్టి బియ్యపు గుణం గింజకూ గింజకూ కొంత మారుతుంది. ఆనాటి తల్లి వంశాల వండే గుణం కూడా సాంబ మసూరికి అలవాటు పడిన నోటికి నచ్చలేదు. దిగుబడి పెరిగినా ధర తగ్గితే రైతుకు మిగిలేది లేదు.

సంకర వరిని అంతగా తినని ఈ నేలే దేశానికి కావలసిన సంకర వరి విత్తనంలో అధిక భాగాన్ని పండిస్తున్నది. ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాలు ఈ పనికి ప్రసిద్ధి. రెండు మగ వరుసలకు ఎనిమిది దాకా ఆడ వరుసలు నాటుతారు. వంధ్య మొక్కల వెన్ను పోటాకులోంచి పూర్తిగా బయటికి రాదు కనుక జిబ్బరెల్లిక్ ఆమ్లం చల్లుతారు. ఉదయం పూలు విచ్చుకునే వేళ ఇద్దరు మనుషులు పొలానికి అటూ ఇటూ నిలిచి తాడు లాగుతూ, లేదా కర్రలతో మగ మొక్కలను తడుతూ పుప్పొడిని లేపుతారు. రేణువు బతికే ఆ కొద్ది నిమిషాలలోనే పని జరగాలి. ఆ రోజు ముసురు పట్టినా, మగ వరుసలు నాలుగు రోజులు ముందు పూసినా నష్టం విత్తన రైతుదే.

వంధ్యత్వం అక్కరకు రాని చోట

పత్తి ఈ చరిత్రకు మరొక వైపు చూపుతుంది. సూరత్‌లో చంద్రకాంత్ పటేల్ రూపొందించిన హెచ్-4 సంకర పత్తి 1970లో విడుదలైంది. అందులో వంధ్యత్వ జన్యువుకు పాత్ర లేదు. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను మధ్యాహ్నం వేళ గుర్తించి, రేకులు, కేసరాలు ఒలిచి, మరునాటి ఉదయం మగ పువ్వును తెచ్చి రాస్తారు. సీడ్ పత్తి పొలంలో ప్రతి పువ్వుకూ ఈ పని రెండుసార్లు. హార్క్‌నెసీ అనే అడవి పత్తి నుంచి వంధ్య కణద్రవ్యం 1970లలోనే లభించింది. అయినా పత్తి పుప్పొడి బరువైనది, జిగటగా ఉంటుంది, గాలికి ఎగరదు. వంధ్య వంశం మొగ్గ ఒలిచే పనిని మాత్రమే తగ్గించగలదు. రాసే పని మిగులుతుంది. దానికి తోడు కూలి చవకగా దొరికినంత కాలం జన్యువు కోసం వెతకవలసిన ఒత్తిడి విత్తన సంస్థలపై లేదు.

కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల సీడ్ పత్తి పొలాలలో ఆ చవక కూలి చాలావరకు బాలికలదని 1990ల చివర, 2000ల తొలి ఏళ్లలో జరిగిన అధ్యయనాలు నమోదు చేశాయి. చిన్న వేళ్లు మొగ్గను గాయపరచవన్నది ఆనాడు వినిపించిన సమర్థన. మొక్కజొన్నలో పిల్లల కూలి ఖర్చు తప్పించుకోవడానికి అమెరికా ఒక కణద్రవ్యాన్ని ఆశ్రయించింది. ఇక్కడ కణద్రవ్యం చేయవలసిన పనిని బడి మానిన పిల్లలు చేశారు. పంట దిగుబడి చరిత్రలను అంకెలతో రాసేటప్పుడు ఈ పేజీ జారిపోతూ ఉంటుంది. సంకర పత్తి దిగుబడి విజయంలో పుప్పొడి జన్యుశాస్త్రం కంటే ఈ వేళ్ల పాత్రే ఎక్కువ.

పటాన్‌చెరు కంది

కందిలో పూలకు తేనెటీగలు వస్తాయి, కొంత పరపరాగ సంపర్కం సహజంగానే జరుగుతుంది. పప్పుజాతి పంటలలో ఇది అరుదైన అనుకూలత. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్‌లో 1970ల చివరికల్లా కేంద్రక జన్యువు వల్ల కలిగే పురుష వంధ్యత్వాన్ని కందిలో కనుగొన్నారు. దానిపై ఆధారపడిన ఐ.సి.పి.హెచ్.-8 సంకరం 1991లో విడుదలైంది. పప్పుజాతి ఆహారపు పంటలలో అది ప్రపంచంలోనే మొదటిది. పొలంలో మాత్రం అది నిలవలేదు. కేంద్రక జన్యువు మెండెల్ లెక్క ప్రకారం నడుస్తుంది కనుక ఆడ వరుసలలో సగం మొక్కలకు పుప్పొడి పండుతుంది. పూత వచ్చిన రోజుల్లో ప్రతి మొక్క పువ్వునూ విప్పి చూసి, పుప్పొడి ఉన్న సగాన్ని పీకివేయాలి. ఇంత పని పెట్టుకొని విత్తనం పండించడానికి ఎవరూ ముందుకు రాలేదు.

కణద్రవ్య వంధ్యత్వం కోసం అడవి జాతుల వైపు చూశారు. కెజానస్ కెజానిఫోలియస్ అనే అడవి కంది సాగు కందికి అతి సమీప బంధువు. ఒడిశా, బస్తర్ ప్రాంతాలలో, తూర్పు కనుమలలో కనిపిస్తుంది. దాని కణద్రవ్యంలో సాగు కంది కేంద్రకాన్ని చేర్చి కె.బి. సక్సేనా బృందం ఎ4 అనే స్థిరమైన వంధ్య వ్యవస్థను 2000ల తొలి అర్ధభాగంలో సాధించింది. సాగు కందులలో దానికి పునరుద్ధారకాలు కూడా సులువుగా దొరికాయి. అడవిలో ఒకప్పుడు సర్దుకున్న తగవును తెలిసి విడదీసి, తిరిగి కలపడమే ఇక్కడ కూడా జరిగిన పని. ఐ.సి.పి.హెచ్. 2671 మధ్యప్రదేశ్‌లో 2010లోను, ఐ.సి.పి.హెచ్. 2740 మన్నెంకొండ కంది పేరుతో తెలంగాణలో 2015లోను విడుదలయ్యాయి.

కంది సంకరంలో పుప్పొడిని మోసేది గాలి కాదు, తాడు కాదు, మనిషి వేలు కాదు, తేనెటీగ. కనుక విత్తన దిగుబడి ఈగలు తిరిగే ప్రాంతాన్ని బట్టి, కాయతొలుచు పురుగు కోసం పూత దశలో చల్లే మందును బట్టి మారుతుంది. పూత మీద మందు చల్లకపోతే పురుగు కాయను తినివేస్తుంది, చల్లితే ఈగ రాదు. ఈ చిక్కుకు కణద్రవ్యం దగ్గర జవాబు లేదు. ఆడ వరుసల చుట్టూ వందల మీటర్ల దూరం వరకు వేరే కంది ఉండకూడదన్న నియమాన్ని, ప్రతి గట్టు మీదా నాలుగు కంది మొక్కలు వేసుకునే తెలంగాణ పల్లెలో పాటించడం తేలిక కాదు. ఇక్రిశాట్ నుంచి వెలువడిన ఈ సంకరాలన్నీ ఎ4 కణద్రవ్యాన్నే మోస్తున్నాయి.